పేరు చెప్పని బొమ్మల షాపు, అర్ధ రూపాయి సంక్రాంతి కార్డు

భోగి నాడు పొద్దున్నే మంట దగ్గర నుంచి లోపలికొచ్చి ఫోన్ తీస్తే నలభై ఏడు మెసేజ్‌లు. కూర్చుని లెక్కపెట్టాను, పని లేక కాదు, పొగకి కళ్లు మండి ఇంకో పని చేయలేక. అందులో మనుషులు పంపినవి తొమ్మిదే. తక్కినవన్నీ ఎప్పుడో ఒకసారి బిల్లు కౌంటర్ దగ్గర నంబరు చెప్పిన పాపానికి వచ్చినవి. చీరల షాపు, బంగారం షాపు, రెండు బ్యాంకులు, నాలుగేళ్ల కిందట కారుకి సీటు కవర్లు వేసినాయన. రక్తపరీక్షల ల్యాబ్ వాళ్లైతే "మీ ఇంట భోగభాగ్యాలు వెల్లివిరియాలని" అంటూ మొదలుపెట్టి, షుగరూ కొలెస్ట్రాలూ కలిపి చేయించుకుంటే ముప్పై శాతం తగ్గింపు దగ్గర ఆపారు. ఇంకా అరిసె కూడా నోట్లో పెట్టుకోలేదు నేను.

ఈ రివ్యూ వాళ్ల గురించి కాదు. అంతకు ముందురోజు మధ్యాహ్నం పోస్టులో వచ్చిన ఒక పసుపుపచ్చ కార్డు గురించి, అది పంపిన చిన్న ఆన్‌లైన్ బొమ్మల షాపు గురించి.

షాపు పేరు రాయట్లేదు. పేరు లేకుండా రివ్యూ ఏంటి అంటారు, నిజమే, కానీ షాపు నడిపే ఆవిడే వద్దంది. "ఉన్న ఆర్డర్లకే నిద్ర లేదు మేడమ్, పండగయ్యాక రాద్దురు గాని" అంది. పండగైంది, కనుమ ముక్కనుమ కూడా వెళ్లిపోయాయి, ఇప్పుడడిగితే "ఉగాది అయ్యాక" అంటోంది. ఇలా అయితే దీపావళి వస్తుందని పేరు వదిలేసి రాసేస్తున్నాను. మీకు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఇంట్లోంచి ఫోన్ మీద ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటారు కదా, పచ్చళ్లో, బ్లౌజులో, ముత్యాల దండలో, వాళ్లకి చూపించండి చాలు.

మాది విశాఖలో సీతమ్మధార. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అలవాటు మా అత్తగారి వైపు నుంచి వచ్చింది. కొందరిళ్లలో దసరాకి పెడతారు, మాకు భోగి నాడే, ఐదు మెట్లు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టి బొమ్మలు ఏటా ఒకటో రెండో పగులుతుంటే ఆ ఖాళీలు పూడ్చడానికి నాలుగేళ్ల కిందట ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను, అలా తగిలింది ఈ షాపు. షాపంటే ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద రెండు గదులు, ముందు గదిలో బొమ్మలు, వెనక గదిలో కాపురం. బోర్డు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో, వాట్సాప్‌లో ఆర్డరు, అంతే. ఆవిడ ఫొటోలు తీస్తుంది, మాట్లాడుతుంది, భర్త ఉద్యోగం నుంచొచ్చి ప్యాకింగ్ చేస్తాడు.

అమ్మేది ఏటికొప్పాక లక్క బొమ్మలు. విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ బయటి ఊళ్ల వాళ్ల కోసం రెండు ముక్కలు. ఏటికొప్పాక 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మా విశాఖ జిల్లాలోనే ఉన్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క పుల్లని ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి, ఇలాంటి వాటి నుంచి తీసిన రంగులు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారేమో అని కంగారు పడక్కర్లేదు. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు అక్కడి బొమ్మలకే చెందుతుందనే గుర్తింపు, వచ్చింది, ఆ సహజ రంగుల మీద ఏళ్లతరబడి పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఉన్నవి ఈ బొమ్మలే. శకటం టీవీలో వచ్చిన వారంలో ఈవిడకి మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయట. తీరా చూస్తే అడిగినవాళ్లలో చాలామందికి కావాల్సింది కొండపల్లి బొమ్మలు! అవి తెల్ల పొణికి కర్రతో చెక్కి అతికించేవి, వేరే ఊరు, వేరే పనితనం. మా దగ్గర లేవండీ అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చుందట పాపం. లక్క బొమ్మలే చూపించి అవే ఇవని అంటగట్టెయ్యొచ్చు, అలా చేసేవాళ్లు లేకపోలేదు.

సరే, శుభాకాంక్షల సంగతికొస్తాను, రాయాలనుకున్నది అదే.

మొదటి సంక్రాంతికి ఈవిడ పంపింది కూడా అందరూ పంపేదే. ముగ్గు, గాలిపటం, చెరుకుగడలు ఉన్న రెడీమేడ్ బొమ్మ, మూలన ఇంకెవరిదో షాపు పేరు చెరిపీ చెరపనట్టు. కింద "డియర్ కస్టమర్" అని, రెండు రోజులు మాత్రమే పది శాతం తగ్గింపు అని. పండగ పూట కదా, "మీకూ శుభాకాంక్షలమ్మా, పిల్లలెలా ఉన్నారు" అని తిరిగి పంపాను. రెప్పపాటులో జవాబొచ్చింది: "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీకు కావలసిన వస్తువు కోడ్ పంపగలరు." వాట్సాప్ బిజినెస్‌లో కొత్తవాళ్లకో, పద్నాలుగు రోజులుగా మాట్లాడనివాళ్లకో దానంతట అదే వెళ్లే పలకరింపు ఒకటి పెట్టుకోవచ్చు, అదన్నమాట. పిల్లల కోడ్ ఎంతో నాకు తెలీదు కాబట్టి ఊరుకున్నాను. పోనీ ఆ తగ్గింపులో గుర్రం బొమ్మ తీసుకుందామంటే స్టాకు లేదన్నారు. అప్పుడే రివ్యూ రాసి ఉంటే రెండు నక్షత్రాలు, అవి కూడా బొమ్మ నునుపు చూసి.

ఈ మాట ఆవిడతో తర్వాతెప్పుడో ముఖం మీదే అన్నాను. చాలామంది షాపు వాళ్లు అప్పుడు "సారీ మేడమ్, టెక్నికల్ ప్రాబ్లమ్" అంటారు. ఈవిడ పగలబడి నవ్వింది. నవ్వి, "మా అత్తయ్య కూడా అలాగే పంపారు మేడమ్, ఆవిడకీ అదే వెళ్లింది" అంది.

రెండో ఏడాది కనుమ నాడు ఒక వాయిస్ మెసేజ్ పంపింది. నిమిషం నలభై సెకన్లు. వెనకాల కుక్కర్ విజిల్, పిల్లాడి ఏడుపు, ఎవరో తలుపు కొట్టడం, అన్నీ ఉన్నాయి. కనుమంటే పనిచేసిన పశువుకి దండం పెట్టుకునే రోజు కదండీ, నా దగ్గర ఎడ్లు లేవు, చెక్క ఎడ్లే ఉన్నాయి, అందుకని మనుషులకే దండం పెడుతున్నాను అని మొదలుపెట్టింది. కొన్నవాళ్లకి థ్యాంక్స్ చెప్పింది. ఇంతవరకూ ఒక్కటీ కొనకుండా పెట్టిన ప్రతి ఫొటోకీ లైకు కొట్టే మామ్మగారు ఒకావిడ ఉన్నారట, పేరు చెప్పకుండా ఆవిడకి విడిగా చెప్పింది. లక్క బొమ్మ అని ఉండాల్సిన చోట లెక్క బొమ్మ అని పడితే రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి దిద్దించినాయనకి చెప్పింది. ఊళ్లో లేత్ దగ్గర కూర్చుని కర్ర తిప్పేవాళ్లకి చెప్పింది, వాళ్లు ఆ మెసేజ్ వింటున్నారని కూడా చెప్పింది. అంతే, అయిపోయింది. తగ్గింపు లేదు, కోడ్ లేదు, లింకు లేదు. ఇంకేమైనా అంటుందేమోనని చివరిదాకా కాచుకుని కూర్చున్నాను, అలవాటైపోయింది మనకి, శుభాకాంక్ష తోక పట్టుకుని ఎప్పుడూ ఏదో ఒక అమ్మకం వస్తుందని.

గాజువాకలో ఉండే మా చెల్లి కూడా అక్కడే కొంటుంది. దానికి ఆ మెసేజ్ అసలు చేరలేదు. ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామందికి పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, పట్టినవాళ్లలో కూడా ఆవిడ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. ఎవరండీ బొమ్మలమ్మేవాళ్ల నంబరు సేవ్ చేసుకునేది? ఆర్డరు పెట్టేవరకూ ఉంటుంది, తర్వాత చాట్‌లో కిందకి జారిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో కూడా పెట్టింది గానీ అది ఇరవై నాలుగు గంటలకి మాయం, కనుమ రోజంతా మా చెల్లి గారెలు వేస్తూనే ఉంది.

ఇలా చేరని వాళ్లెవరెవరో ఆవిడ తర్వాత లెక్క తీసిందట. దాని ఫలితమే ఈసారి పోస్టుకార్డు.

యాభై పైసలు. ఇంకా యాభై పైసలేనని నాకు తెలీదు, మీకు తెలుసా? పోస్టాఫీసుకెళ్లి మూడు వందల కార్డులడిగితే కౌంటర్లో ఉన్నాయన ఏదైనా ధర్నా చేస్తున్నారా అని అడిగాడట, ఎమ్మెల్యేలకీ మంత్రులకీ కార్డులు రాసే ఉద్యమాలు చేసేవాళ్లే అన్నేసి కొంటారట మరి. మూడు వందలకి మొత్తం నూట యాభై రూపాయలు. అదే డబ్బుతో ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ ఇస్తే ఎంతసేపు ఉంటుందో వ్యాపారం చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ అసలు ఖర్చు డబ్బు కాదు, చేతిరాత. డిసెంబరు నెలంతా పిల్లాడు పడుకున్నాక రోజుకి పది, పదిహేను చొప్పున రాసిందట.

నా కార్డు మీద ఏముందంటే, ఉన్నదున్నట్టు:

"మేడమ్ గారికి, నమస్తే. కిందటేడు ఎడ్లబండి చక్రం ఊడిందని మీరు ఫొటో పెట్టారు. మీ తర్వాత ఇంకో ఆరుగురు చెప్పారు. కర్ర పూర్తిగా ఆరకముందే చీల బిగించడం వల్లట. ఇప్పుడు ఆరబెట్టాకే బిగిస్తున్నారు. మీ బండికి కొత్త చక్రాలు రెండు తీసి ఉంచాను, పండక్కి ముందే మా వారు తెచ్చి ఇస్తారు. చెప్పినందుకు చాలా థ్యాంక్స్. పెళ్లి మేళం సెట్టు కొలువులో పెట్టాక ఫొటో పంపండి. మీ ఇంట్లో అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. ఇట్లు, బొమ్మలమ్మాయి."

ఫిర్యాదు చేసినందుకు పండక్కి థ్యాంక్స్ చెప్పినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. అప్పట్లో ఆ ఫొటో పెట్టినప్పుడు కాస్త విసుగ్గానే పెట్టాను, నాలుగు వందల యాభై పోసి కొన్న బండి నాలుగో రోజుకే కుంటిదైందని. ఆవిడ డబ్బు వెనక్కిస్తానంది, నేను వద్దన్నాను, అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏడాది తర్వాత చక్రం ఎందుకు ఊడిందో, అది ఊరిదాకా వెళ్లి ఏం మారిందో నాలుగు వాక్యాల్లో నాకు లెక్క చెప్పింది. ఆ షాపుల మెసేజ్‌లలో ఒక్కదానికీ నేనెవరో తెలీదు, ఈ కార్డుకి తెలుసు. ముప్పై ఎనిమిది షాపుల వాళ్లూ నా పేరు తీసి పక్కింటావిడ పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, దీన్ని మాత్రం నాకు తప్ప ఇంకెవరికీ పంపలేరు.

సరిగ్గా అక్కడే నాకు మూడింది.

పోస్టుకార్డుకి కవరుండదు. గేటు దగ్గర అందుకున్నది మా అత్తగారు. కళ్లజోడు పెట్టుకుని, నిలబడి, అటూ ఇటూ మొత్తం చదివేశారు. "పెళ్లి మేళం ఆఫీసులో గిఫ్టిచ్చారన్నావు కదే?" అన్నారు. అన్నాను. సన్నాయి, డోలు, తాళం పట్టుకున్న ఆ బుల్లి మేళం పన్నెండు వందల యాభై. మొదట నాలుగు రోజులు బీరువాలో దాచి, తర్వాత ఆఫీసు పేరు చెప్పి బయటికి తీశాను. "ఎంతైందేటి?" అని అడిగారు. అర్ధ రూపాయి కార్డు పన్నెండొందల గుట్టు బయటపెట్టింది. కాబట్టి బొమ్మలమ్మాయికి ఒకే ఒక్క సలహా, ఇది రివ్యూలో ముఖ్యమైన భాగంగా తీసుకోమని మనవి: ఏం కొన్నామో కార్డు మీద రాయొద్దు తల్లీ. చక్రం సంగతి రాయి, చీల సంగతి రాయి, కొన్న సంగతి రాయకు.

అయితే అత్తగారి కోపం అరగంటే. ఆ కార్డు పట్టుకుని ఆవిడ తన రోజుల్లోకి వెళ్లిపోయారు. డిసెంబరు చివరికల్లా ఫ్యాన్సీ షాపుల ముందు తాళ్లు కట్టి గ్రీటింగు కార్డులు వేలాడదీసేవాళ్లు, హరిదాసు, గంగిరెద్దు, ముగ్గు దగ్గర వంగున్న అమ్మాయి, సినిమా హీరోలు సరేసరి. కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపుతో వెళ్లేది. ఎవరికి పంపాం, ఎవరు తిరిగి పంపలేదు అని నోటుపుస్తకంలో రాసుకునేవారట, వచ్చే ఏడాది ఆ పేరు కొట్టేయడానికి. ఎంత పట్టింపో చూడండి. నేను కూడా చిన్నప్పుడు నలుగురైదుగురికి పంపాను గానీ పేర్లు కొట్టేసేంత లోతుకి వెళ్లలేదు.

కార్డులు కొన్నవాళ్లకి మాత్రమే వెళ్లాయి, ఎందుకంటే పార్సెల్ పంపిన అడ్రసులే ఆవిడ దగ్గరున్నాయి. ఊరికే ఫాలో అయ్యేవాళ్ల కోసం, తను రాసిన కార్డుల కట్ట ఫొటో పెట్టి, కార్డు కావాలంటే అడ్రసు పంపండి అని రాసింది. ఇది నాకు నచ్చలేదు. ముక్కూ మొహం తెలీని షాపుకి ఆడవాళ్లు ఇంటి అడ్రసు ఎందుకిస్తారు, ఇవ్వకూడదు కూడా. అప్పట్లో లైకుల మామ్మగారిని అంత బాగా తలుచుకున్న మనిషి, ఈసారి కొన్నవాళ్లనీ కొననివాళ్లనీ విడగొట్టినట్టైంది. ఆ వాయిస్ మెసేజ్ మళ్లీ ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది. అడిగితే "గొంతు పట్టేసింది మేడమ్" అంది. నిజమే అయ్యుండొచ్చు, భోగి వారంలో విశాఖలో గొంతు పట్టనిదెవరికి.

ఇంకో లోపం, చెల్లి కార్డు ముక్కనుమ తర్వాత చేరింది. అన్నీ ఒకేసారి డబ్బాలో వేసినా గాజువాకకి ఎందుకు ఆలస్యమైందో ఎవరికీ తెలీదు. పండక్కి పంపేవాళ్లు పది రోజుల ముందే వేసేయండి, సెలవులు కలిసొస్తాయి.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి, అసలు రివ్యూ కదా. నునుపు బాగుంటుంది, అంచులు గుచ్చుకోవు, రంగు నాలుగేళ్లకీ వెలవలేదు. ఎండలో పెట్టొద్దని, తడిగుడ్డతో తుడవొద్దని ప్రతి డబ్బాలో చీటీ వేస్తుంది. ధరలు బజారు కన్నా కొంచెం ఎక్కువే, లేపాక్షి ఎంపోరియంలోనో, ఓపికుంటే ఏటికొప్పాక వెళ్లో కొనుక్కుంటే తగ్గుతుందేమో. కొలువు బొమ్మలు, వంటింటి సెట్టు, బొంగరాలు కళ్లు మూసుకుని కొనొచ్చు. గుర్రం మాత్రం చెవుల దగ్గర బలహీనం. డెలివరీ గురించి ఒక ముచ్చట: ఎంవీపీ కాలనీ నుంచి మా ఇంటికి ఆటోలో పావుగంట. మొదట్లో ఒక కొరియర్ వాళ్లకిస్తే పార్సెల్ నాలుగు రోజులు తిరిగింది, ట్రాకింగ్‌లో చూస్తే మధ్యలో విజయవాడ కూడా వెళ్లొచ్చింది, బహుశా కనకదుర్గమ్మ దర్శనానికి. అప్పటినుంచి ఊళ్లో ఆర్డర్లన్నీ భర్త స్కూటర్ మీదే. పగలు ఫోన్ చేస్తే ఎత్తదు, మెసేజ్ పెడితే రాత్రి తొమ్మిది తర్వాత జవాబిస్తుంది. సంక్రాంతికి కావాలంటే డిసెంబరు మొదటి వారంలోనే చెప్పాలి.

నాలుగున్నర ఇస్తున్నాను. అర కోసింది పెళ్లి మేళం గురించే.

చక్రాలు చెప్పినట్టే భోగి ముందురోజు సాయంత్రం వచ్చాయి, బండి కొలువులో మూడో మెట్టు మీద నిలబడింది. పండగయ్యాక అత్తగారు నాచేత కూడా ఒక కార్డు కొనిపించారు, తిరుగు జవాబు రాయాల్సిందేనని, లేకపోతే పేరు కొట్టేస్తారని. ఆవిడ చెప్తుంటే నేను రాశాను. "అమ్మాయికి ఆశీస్సులు" అని మొదలవుతుందనుకున్నాను, కాదు. చక్రాలు బాగా తిరుగుతున్నాయి, గుర్రం చెవి విరిగింది, మేళంలో డోలు వాయించేవాడు కొంచెం వంకరగా నిలబడుతున్నాడు, పోయినేడు పెట్టిన పచ్చ రంగు చిలక ఇంకా ఉంటే ఒకటి తీసిపెట్టు, డబ్బులు కోడలిస్తుంది. ఇంత రాసేసరికి కార్డు నిండిపోయింది. దీవెనలకి చోటు లేక అడ్రసు వైపు అంచున నిలువుగా ఇరికించాను.